దండెం మీద తేనెటీగలు

రోహిణిని ఆ రోజు కుట్టింది ఒక్క తేనెటీగే.

జనవరి చివర్లో ఒక ఆదివారం మధ్యాహ్నం. కంప్లి నుంచి కాలవ గట్టు వెంట పోతే, ఊరి ఇళ్లన్నీ అయిపోయాక పొలాల మధ్య ఒంటరిగా కనబడేది నారప ఇల్లు. అందులో నారప, ఆయన భార్య ప్రమీలమ్మ, కొడుకు వివేక్, కోడలు రోహిణి ఉంటారు. తాతల నాటి నుంచి అక్కడే సేద్యం. వివేక్ చేతికొచ్చాక సేద్యానికి లారీలు తోడయ్యాయి. రోహిణి కంప్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది. రోజూ స్కూటీ మీద పోయి వచ్చేది.

ఆ మధ్యాహ్నం ఆమె పెరట్లో దండెం మీది బట్టలు తీస్తోంది. వివేక్ చొక్కా ఇంకా కాస్త పచ్చిగానే ఉంది. దులపకుండానే భుజాన వేసుకుంది. చొక్కా చేతి మడతలో ఉన్న ఈగ మెడ మీద కుట్టింది.

"అబ్బా! అత్తా, ఏందో కుట్టింది" అంటూ నవ్వుతూనే లోపలికి వచ్చింది. ప్రమీలమ్మ సున్నం డబ్బా వెతికేలోపల రోహిణి అరచేతులు బరుక్కోవడం మొదలుపెట్టింది. కాసేపటికి పెదవులు ఉబ్బాయి. ఆ తర్వాత గొంతులో ఎవరో గుడ్డ కుక్కినట్టు ఊపిరి సన్నబడింది. వంటింటి గోడకు ఆనుకుని అలాగే కిందికి జారిపోయింది.

వివేక్ ఆమెను రెండు చేతులా ఎత్తుకుని కారులో వేసుకున్నాడు. కంప్లిలో ఒక డాక్టరు తొడకు ఇంజెక్షన్ ఇచ్చి వెంటనే బళ్లారికి పంపాడు. ఆస్పత్రిలో ఉంచుకుని, ప్రాణానికి భయం లేదని తేలాక ఇంటికి పంపించారు.

"ఒక్క ఈగకు ఇంతనా?" అని నారప డాక్టరును అడిగాడు.

కొందరి ఒంటి తీరు అంతేనని డాక్టరు చెప్పాడు. ఇంకోసారి కుడితే ఇంతకంటే ఎక్కువ కావచ్చన్నాడు. ఒక చిన్న డబ్బాలో మందు, సిరంజి పెట్టి ఇచ్చి, ఎప్పుడూ దగ్గర ఉంచుకోమని, ఇంట్లో ఒకరైనా ఇంజెక్షన్ వేయడం నేర్చుకోవాలని చెప్పాడు. వివేక్ తల ఊపాడు. డబ్బా పడకగది బీరువాలోకి చేరింది. దాన్ని మళ్లీ ఎవరూ తెరవలేదు. చూస్తేనే ఆ రోజు గుర్తొస్తుందని దాని వైపు ఎవరూ చేయి పెట్టేవారు కారు.

కిటికీలకు దోమతెర జాలీ కొట్టించమని అడిగింది రోహిణే. ఆ మాట తర్వాత ఆమెకు చాలాసార్లు గుర్తొచ్చింది. ఇంటికి వచ్చిన మొదటి వారంలో ఫ్యాను మోత విన్నా ఉలిక్కిపడేది. అన్నం తింటూ గొంతు తడుముకునేది. వివేక్ మరుసటి రోజే మనుషుల్ని పిలిపించాడు. కిటికీలన్నిటికీ ఇనుప ఊచల లోపలి వైపు జాలీ పరిచి, చెక్క పట్టీలు పెట్టి మేకులు కొట్టించాడు. పెరటి తలుపు మూసి తాళం వేయించాడు. రోహిణి స్కూలుకు సెలవు పెట్టింది. కొన్నాళ్లే కదా అనుకుంది.

కానీ ఈగలు తగ్గలేదు. ఫిబ్రవరి ముదిరేకొద్దీ ఎక్కువయ్యాయి. కెంచమ్మ అని బట్టలు ఉతికి ఇల్లు ఊడ్చే మనిషి పొద్దున్నే వచ్చేది. ఆమె దండెం మీద బట్టలు వేసి తిరిగేలోపల నాలుగైదు వచ్చి వాలేవి. పదకొండు గంటలకల్లా చీర అంచుల వెంట ముసురుకునేవి. నారప తెల్ల పంచెల మీద ఆవగింజంత పసుపు చుక్కలు పడేవి.

"పసుపు యాడ అంటిచ్చినావు మే?" అని ప్రమీలమ్మ కెంచమ్మ మీద కోప్పడింది.

"పసుపు కాదమ్మా, జేనీగలు ఏరుగుతాయి. ఎంత తిక్కినా పోవు" అంది కెంచమ్మ.

వివేక్ ఆ మాట విన్నాడు. పాత పంపుహౌసు చూరు కింద పెద్ద తేనెతుట్టె ఉందని కనుక్కుని, ఒక సాయంత్రం గాళెప్ప అనే అతణ్ని, ఇంకో ఇద్దర్ని తీసుకుపోయి పొగపెట్టించి కాల్పించాడు. కిటికీ జాలీ లోంచి రోహిణికి ఆ పొగ కనబడింది. తన కోసమే అంత గూడు కాల్చారని తెలిసి ఆ పూట ఆమెకు అన్నం దిగలేదు. నాలుగు రోజులు దండెం ఖాళీగా ఉంది. ఐదో రోజు మళ్లీ వచ్చాయి. ఏ గూటివో, ఎక్కడివో ఎవరికీ తెలియలేదు.

"ఇంక బట్టలు బయట వేసేదే వద్దు. అన్నీ ఇంట్లోనే ఆరేయండి" అన్నాడు వివేక్.

అప్పటి నుంచి హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు తాళ్లు కట్టారు. పంచెలు, చీరలు, తువ్వాళ్లు తలకు తగిలేటట్టు వేలాడేవి. ఇంట్లో ఒక గది నుంచి ఇంకో గదికి పోవాలంటే తడి గుడ్డల్ని చేత్తో తప్పించుకుంటూ పోవాలి. నేల ఎప్పుడూ చెమ్మగా ఉండేది. పగలు కూడా లైటు వేసుకోవాల్సి వచ్చేది. సబ్బు వాసన, ప్రమీలమ్మ ఆఖరి బకెట్లో కలిపే పూలవాసన మందు, ముక్కిపోయిన వాసన అన్నీ కలిసి రోహిణికి తలనొప్పి తెచ్చేవి. దుప్పట్లు మాత్రం లోపల ఎంతకూ ఆరవని, వాటినే బయట వేసి, బాగా దులిపి తెచ్చేవారు.

మార్చిలో ఒక సాయంత్రం గేటు దగ్గర తోపుడుబండి ఆగితే రోహిణి పోయి కొత్తిమీర తీసుకుంది. బండి మనిషితో రెండు మాటలు మాట్లాడింది. అంతే. అదే సమయానికి వివేక్ బైకు మీద వచ్చాడు. ఆమెను అక్కడ చూసి అతని ముఖం తెల్లబోయింది. మరుసటి రోజు పొద్దున బయటికి పోతూ ముందు తలుపుకూ బయట నుంచి తాళం వేశాడు. వసారాలో కూర్చున్న తల్లి చేతికి తాళంచెవి ఇచ్చాడు.

"ఇదేందప్పా?" అంది ప్రమీలమ్మ.

"ఎవరన్నా వచ్చి తలుపు తెరిచి పెట్టి పోతారు. నీ దగ్గర పెట్టుకో."

ప్రమీలమ్మ చెవిని నడుముకు దోపుకుంది. కోడలి ముందు సిగ్గుపడుతూ, "వాని తృప్తికి లేమ్మా. నీకెప్పుడు కావల్నంటే అప్పుడు తీస్తా" అంది.

తీసేది కూడా. రోహిణి అడిగినప్పుడల్లా, "ఎందుకమ్మా?" అనకుండానే తీసేది. కానీ వసారాలోకి పోవడానికి కూడా ఒకరిని పిలిచి అడగాలి. వాళ్లు చేస్తున్న పని ఆపి రావాలి. ఆమె వసారాలో కూర్చున్నంతసేపూ పక్కన తువ్వాలు విసురుతూ నిలబడాలి. కొన్నాళ్లకు రోహిణి అడగడం మానేసింది.

ఇక మిగిలింది కిటికీ. మధ్యాహ్నాలు హాలు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది. లోపల తడి బట్టలు వేలాడుతుంటే ఈగలు ఇప్పుడు దండేన్ని వదిలి జాలీకే వచ్చి వాలేవి. వాటికీ ఆమెకూ మధ్య ఆ సన్నటి జాలీ ఒక్కటే. మొదట్లో కుర్చీ దూరంగా జరుపుకునేది. రోజులు గడిచేకొద్దీ చేసేందుకు వేరే పని లేక చూడటం మొదలుపెట్టింది.

బట్టలు ఆరేసిన కొత్తలో వచ్చేవి. ఆరిపోయాక ఒక్కటీ ఉండేది కాదు. తడి బట్ట జాలీకి తగిలి తడిసిన చోటనే మూతి పెట్టి కదలకుండా ఉండేవి. వాసన మందు అయిపోయిన వారం తక్కువగా వచ్చాయి, కానీ రావడం మానలేదు. ఒక రోజు దుప్పటి బయట దండెం మీద ఉంటే, కింద నీళ్లు కారే అంచు వెంటే వరసగా కూర్చున్నాయి. పై భాగం ఆరిపోయింది. అక్కడ ఒక్కటీ లేదు.

ఆ సాయంత్రం నారప వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే లోపలి నుంచే అడిగింది.

"మామా, పోయిన సంవత్సరం ఈ నెలలో ఇన్ని ఈగలు వచ్చేవా?"

నారప ఆలోచించాడు. "రాల్యా. యాడో ఒకటీ అరా ఉంటాయి గానీ, ఇట్ల గుంపు కట్టి వచ్చేది నేను చూడల్యా."

"పోయిన సంవత్సరం ఈ నెలలో మన మడిలో ఏముండె?"

"ఏముంటాది? రెండో కారు వరి. మడి నిండా నీళ్లు..." అంటూనే ఆయన ఆగిపోయాడు. కాలవ వైపు తిరిగి చూశాడు. ఈ ఏడు డ్యాములో గేట్లు మారుస్తున్నారని రెండో పంటకు నీళ్లు వదల్లేదు. కాలవ అడుగున పగుళ్లు తేలిన బురద తప్ప ఏమీ లేదు. పొలాలన్నీ కోసిన మోళ్లతో ఎండిపోయి ఉన్నాయి.

"ఈ చుట్టుపక్కల తడి అంటూ ఉండేది మన బట్టలే మామా. అవి నీళ్లకు వస్తాండాయి. ఆ వాసన మందు పూల వాసన కదా, దాన్ని బట్టి దారి తెలుసుకుంటాండాయేమో. దూరంగా ఒక తొట్టిలో నీళ్లు పెడితే ఆడికే పోతాయి."

"నిజమేమ్మా" అన్నాడు నారప. "ఇది మనకు ఎందుకు తోచల్యా?"

రాత్రి భోజనాల దగ్గర ఆయన ఆ మాట ఎత్తితే వివేక్ చేయి కంచంలోనే ఆగిపోయింది.

"అంటే వాటికి మనమే నీళ్లు పెట్టి పిలవాల్నా? ఇంటి కాంపౌండులోకా?"

"వివేకా, అవి ఎట్లా వస్తానే ఉండాయి కదప్పా..."

"వద్దు నాయనా. సుమ్మనె ఊరుకోండి. ఆ కిటికీ దగ్గర కూర్చుని కూర్చుని దానికి ఏవేవో తోస్తాండాయి." తర్వాత గొంతు తగ్గించి రోహిణి వైపు తిరిగాడు. "ఇంకొన్నాళ్లు ఓర్చుకో రోహిణీ. అంతా నీ మంచికే చేస్తాండా."

అతను ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. అది ఆమెకూ తెలుసు. తిడితే ఎదురు తిరగొచ్చు. ఇలా మాట్లాడే మనిషితో ఏమని కొట్లాడాలో ఆమెకు తెలియలేదు. లేచి కంచం కడిగి పెట్టుకుంది.

ఏప్రిల్ చివర్లో సింధనూరులో ప్రమీలమ్మ అన్న కూతురి పెళ్లి వచ్చింది. షామియానా, పూలు, స్వీట్లు, రసాలు, ఈగలకు కొదవ ఉండదని రోహిణిని వదిలి పోదామన్నాడు వివేక్. ప్రమీలమ్మ తాను ఉండిపోతానంది. సొంత మేనకోడలి పెళ్లికి మేనత్త లేకపోతే ఎలాగని రోహిణే ఆమెను బయలుదేరదీసింది. పొద్దున్నే అంతా హడావిడి. కెంచమ్మ దుప్పటి ఇంకా తడిగానే తీసుకొచ్చి సోఫా మీద పడేసి, తనకూ ఊళ్లో పని ఉందని వెళ్లిపోయింది. వివేక్ ముందు తలుపుకు తాళం వేసి, చెవి చొక్కా జేబులో వేసుకున్నాడు. కారు గేటు దాటిన చప్పుడు వినబడింది.

రోహిణి వంటింటి పనులన్నీ చేసుకుని, పది దాటాక టీ పెట్టుకుని తాగింది. హాల్లోకి వచ్చి దుప్పటిని తాడు మీద వేద్దామని ఒక కొసన పట్టుకుని ఎత్తింది.

లోపల ఏదో రొద పెట్టింది.

ఆమె చేతిలోంచి గుడ్డ జారిపోయింది. మడతలోంచి ఒక ఈగ లేచింది. వెనకాలే ఇంకొకటి. అవి తాళ్ల మీది పంచెల మధ్య గిరగిర తిరిగి కిటికీకి కొట్టుకున్నాయి. రోహిణి వెనక్కి వెనక్కి నడిచి వంటింటి గుమ్మం దగ్గర గోడకు ఆనుకుంది. ఒక తడి చీర వచ్చి ముఖానికి తగిలింది. దాన్ని తోసేయడానికి కూడా చేయి లేవలేదు.

మందు డబ్బా పడకగదిలో ఉంది. పడకగదికి హాలు దాటి పోవాలి.

ఫోను తీసి వివేక్‌కు చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. నాలుగోసారి ఎత్తాడు. వెనక నాదస్వరం, డోలు.

"ఇంట్లోకి ఈగలు వచ్చినాయి" అంది.

"యాడ? ఎన్ని? నువ్వు కదలొద్దు. కదలొద్దు రోహిణీ. దుప్పటి కప్పుకుని ఒక మూల కూర్చో. వస్తాండా. ఇప్పుడే బయలుదేరతా."

సింధనూరు నుంచి ఎంత తోలుకొచ్చినా గంటన్నర పైనే. "చెవి ఎవరి దగ్గర ఉండాది?" అని అడిగింది.

"నా దగ్గరే."

ఆమె ఇంకేమీ అనకుండా ఫోను పెట్టేసింది. అప్పుడు ఆ సంగతి మొత్తం ఆమెకు ఒక్కసారిగా అర్థమైంది. ఇప్పుడు ఒకటి కుడితే ఈ గోడ పక్కనే జారి కూర్చుంటుంది. అరిచేందుకు గొంతు ఉండదు. పొలంలో పోయేవాళ్లు ఎవరైనా విన్నా లోపలికి రాలేరు. తలుపు కొట్టి, తాళం చూసి, ఇంట్లో ఎవరూ లేరనుకుని పోతారు. తన కోసం మూసిన ఇల్లు తనను లోపల పెట్టుకుని గట్టిగా మూసుకుంది.

భయంతో ఏడుపు వచ్చింది. ఏడ్చే చప్పుడుకు అవి ఇటు వస్తాయేమోనని నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. కాసేపు అలాగే నిలబడింది. ఈగలు ఆమె వైపు రావడం లేదు. హాలు కిటికీ జాలీ మీదే పాకుతూ, పడుతూ, మళ్లీ లేచి వెలుతురుకు కొట్టుకుంటున్నాయి. ఇన్ని రోజులు వాటినే చూసింది. అవి ఆమె కోసం రాలేదు. వాటికి బయటికి పోవాలి. దారి లేదు.

వంటింటి కిటికీ చిన్నది. జాలీ అక్కడ కూడా మేకులతో బిగించి ఉంది. రోహిణి కూరగాయల కత్తి తీసుకుంది. మొన జాలీలో గుచ్చి కిందికి లాగింది. అది తెగలేదు, వంగింది. రెండోసారి బలం కొద్దీ లాగితే కరకరమని చీలింది. అడ్డంగా ఇంకో కోత కోసి, చెక్క పట్టీ దగ్గర చేత్తో పట్టుకుని చింపింది. బొటనవేలు తెగి నెత్తురు వచ్చింది. ఊచల మధ్య నుంచి వేడి గాలి ముఖానికి తగిలింది. చాలా రోజుల తర్వాత జాలీ అడ్డం లేని గాలి అది. ఒక తువ్వాలు తడిపి, పిండకుండా, నీళ్లు కారుతుండగానే ఊచలకు కట్టింది.

ఇక హాలు పరదాలు మూయాలి. అప్పుడే వెలుతురు వంటింటి వైపు నుంచి మాత్రమే కనబడుతుంది. కానీ పరదా పక్కనే అవి ఉన్నాయి. చీర కొంగు తల మీంచి మెడ చుట్టూ బిగించి చుట్టుకుంది. నేల మీద కూర్చుని, వేలాడే గుడ్డల కింద నుంచి పాకుతూ పోయింది. పరదా కింది అంచు అందుకుని నెమ్మదిగా లాగింది. తల మీద రొద పెద్దదైంది. కళ్లు మూసుకుంది. ఏదో చేతికి తగిలినట్టయింది. తగిలింది పరదా కుచ్చే. రెండో పరదా లాగి, అలాగే పాకుతూ పడకగదిలోకి పోయి తలుపు వేసుకుంది. తలుపు కింది సందులో ఒక చీర దోపింది. బీరువా తెరిచి డబ్బా తీసి ఒళ్లో పెట్టుకుని మంచం పక్కన నేల మీద కూర్చుంది. మూత తీసి చూసింది. గాజు బుడ్డి, సిరంజి. ఎలా విరవాలో, ఎంత ఎక్కించాలో తెలియదు. ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఎంతసేపు కూర్చుందో. హాల్లో రొద ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా వినబడింది. తర్వాత ఆగిపోయింది. చాలాసేపు చెవి పెట్టి విని, తలుపు వేలెడంత తెరిచి చూసింది. చీకటి హాల్లో ఏమీ కదలడం లేదు. గోడ వెంట వంటింట్లోకి పోయింది. ఊచలకు కట్టిన తువ్వాలు బయటి వైపు ఒక ఈగ నీళ్లు తాగుతోంది. లోపలిదో, బయట నుంచి కొత్తగా వచ్చిందో తెలియదు. కాసేపటికి అది లేచి ఎండిన కాలవ వైపు పోయింది.

అవి ఊచల మధ్య నుంచి పోయాయి. ఆమెకు ఆ దారి లేదు. ఊచ పట్టుకుని, చెయ్యి మాత్రం బయట పెట్టి నిలబడింది.

కారు వచ్చిన చప్పుడు, గేటు తన్నిన చప్పుడు, తాళంలో చెవి సరిగ్గా దూరక గలగలలాడిన చప్పుడు వినబడ్డాయి. తలుపు తెరుచుకుంది. పట్టు పంచె మోకాళ్ల పైకి ఎగదోపుకుని, చెప్పులు లేకుండా, చెమటతో తడిసిపోయి వివేక్ లోపలికి వచ్చాడు. వేలాడే బట్టల్ని లాగి పడేస్తూ, "రోహిణీ! రోహిణీ!" అని అరుస్తున్నాడు. వంటింట్లో ఆమెను నిలబడి ఉండగా చూసి గుమ్మం పట్టుకున్నాడు.

ఆమె అతని పక్క నుంచి నడిచి వాకిట్లోకి పోయింది. మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబడింది.

"బయట వద్దు, లోపలికి రా" అన్నాడు వెనకాలే వస్తూ.

"లోపల నాకేమన్నా అయింటే తలుపు ఎవరు తీసేవాళ్లు?"

వివేక్ తలుపుకు వేలాడుతున్న తాళం వైపు చూశాడు.

"చెప్పు. కెంచమ్మ వచ్చినా, ఊరంతా వచ్చినా, ఎవరు తీసేవాళ్లు? చెవి నీ జేబులో ఉండె."

అతను మెట్టు మీద కూలబడ్డాడు. "ఆ రోజు నీ మొగం నువ్వు చూసుకోల్యా రోహిణీ" అన్నాడు. "నేను చూసినా. కారు తోలుతా పక్కకు చూస్తే పెదవులు నీలంగా ఉండాయి. పిలిస్తే పలకల్యా. ఇప్పటికీ కళ్లు మూస్తే అదే కనపడతాది. ఏం చెయ్యాల నేను? లారీలోళ్లతో మాట్లాడుతుంటా, ఉన్నట్టుండి నువ్వు పెరట్లో పడి ఉన్నట్ల అనిపిస్తాది. తాళం వేసి వస్తేనే పని చేసుకోగలుగుతాండా."

రోహిణికి అతని మీద జాలి కలిగింది. ఆ జాలికి లొంగితే మళ్లీ లోపలికే పోవాల్సి వస్తుందని కూడా తెలిసింది.

"నీ భయం నాకు తెలుసు. నాకూ ఉండాది, నీ కంటే ఎక్కువ ఉండాది. కానీ నీ భయానికి నన్ను లోపల పెట్టి తాళం వేస్తే నా భయం పోదు. చెవి ఇయ్యి."

అతను చొక్కా జేబులోంచి చెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. అప్పుడు ఆమె బొటనవేలి నెత్తురు చూసి, "ఇదేంది?" అని చేయి పట్టుకున్నాడు.

"జాలీ కోసినా."

సాయంత్రం మరో బండిలో నారప, ప్రమీలమ్మ వచ్చారు. ప్రమీలమ్మ చిరిగిన జాలీని, నేల మీద పడి ఉన్న బట్టల్ని చూసి అక్కడే కూర్చుని ఏడ్చింది. ఏడ్చి లేచి, హాల్లో తాళ్లన్నీ విప్పేసింది. కొడుకును అడగలేదు.

మరుసటి రోజు నారప పాత రాతి తొట్టిని కాంపౌండు చివరికి, ఇంటికి బాగా దూరంగా దొర్లించి నీళ్లు పోశాడు. మునిగిపోకుండా కూర్చోవడానికి గులకరాళ్లు వేశాడు. వారం పైగా ఒక్క ఈగ కూడా అటు పోలేదు. "కొళాయి నీళ్లు వాటికి రుచించినట్ల ల్యా" అన్నాడు ఆయన. బర్రెల తొట్టి అడుగు నాచు తెచ్చి కలిపాడు. ప్రమీలమ్మ వాసన మందు డబ్బాను బయట పడేసింది. నీళ్లు పచ్చబడి వాసన పట్టాక ఒకటి వచ్చింది, తర్వాత రెండు, తర్వాత రాళ్ల మీద ఖాళీ లేకుండా వచ్చాయి. దండెం మీద మాత్రం ఎప్పుడైనా ఒకటో రెండో.

వివేక్ అందరినీ బళ్లారికి తీసుకుపోయాడు. కంటోన్మెంట్ వైపు ఒక చిన్న క్లినిక్కులో నర్సు బుడ్డి ఎలా విరవాలో, మందు ఎంత తీయాలో, తొడలో ఎక్కడ పొడవాలో చూపించి, ఉప్పునీళ్లతో మోసంబి పండు మీద అందరిచేతా చేయించింది. ప్రమీలమ్మ మొదటిసారికే కుదురుగా చేసింది. రోహిణి రెండోసారికి చేసింది. వివేక్ చేయి వణికి సూది వంగిపోయింది. మళ్లీ చేశాడు. మళ్లీ వణికింది. "నిదానంగా చెయ్యండి, బేగ చెయ్యాలని ఏమీ ల్యా" అంది నర్సు. బయట వరసలో రోగులు గొణుగుతున్నా, అతనికి చేతనయ్యేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

జూన్‌లో స్కూలు తెరిచారు. రోహిణి పోవడం మొదలుపెట్టింది. జూలైలో కాలవకు నీళ్లు వచ్చాయి. ఎర్రటి నీళ్లు గట్ల అంచుదాకా పారుతుంటే ఊరంతా నాట్లలో పడింది. రాతి తొట్టి దగ్గర ఈగలు పల్చబడ్డాయి.

అంతా అయిపోయిందని చెప్పడానికి లేదు. స్కూలు గంట కొట్టే వేళకు వివేక్ రోజూ ఫోను చేస్తాడు. ఆమె ఎత్తడం ఆలస్యమైతే ఇంటికి వచ్చాక అతని కళ్లలో ఆ ఆలస్యం కనబడుతుంది. రోహిణి కూడా కొన్ని రోజులు వాకిలి దాకా వచ్చి, తెరిచి ఉన్న తలుపు ముందే ఆగిపోతుంది. ఎవరూ ఆపరు. కాళ్లే కదలవు. అలాంటి రోజు లోపలికి తిరిగిపోయి ఏదో పని పెట్టుకుంటుంది. ఎవరికీ చెప్పదు.

ఆగస్టులో ఒక ఆదివారం వాన వెలిసింది. రోహిణి చెప్పులు వేసుకుంటుంటే వసారాలో కూర్చున్న వివేక్ తలెత్తాడు.

"యాడికి?"

"యాడికీ ల్యా. ఊరికే, గట్టు మీదికి."

అతను లేచి తన చెప్పుల కోసం చూశాడు.

"వద్దు, నువ్వు ఈడే ఉండు" అంది రోహిణి. "నేనొక్కదాన్నే పోయొస్తా."

వివేక్ మళ్లీ కూర్చున్నాడు. ఆమె గేటు తెరిచి, బురదలో అడుగులు చూసుకుంటూ కాలవ గట్టు ఎక్కింది.